మాస్టారి కొలువు
(ప్రొఫెసర్ ఎన్.ఆర్. మాధవ మీనన్ స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు కొంచెం వెనకాడాను. మాధవ మీనన్ గారి గురించి మాట్లాడవలసినవాళ్ళు ఆయన శిష్యులు. వాళ్ళు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. నేను ఆయన తరగతిలో ఒక్కరోజు కూడా కూర్చున్నవాణ్ణి కాను. ఆయన సంపాదకత్వంలో వచ్చిన ఒక పుస్తకాన్ని దగ్గర పెట్టుకుని, ఒక చిన్న ఊరి లా కాలేజీలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ పుస్తకం చేతికి రాకపోతే నేను ఎలాంటి మాస్టారినయ్యేవాణ్ణో నాకు తెలుసు. ఆ రుణం తీర్చుకునే అవకాశం అనుకుని ఒప్పుకున్నాను.

ముందుగా ఒక సంఘటన చెబుతాను. 2000 సంవత్సరం ప్రాంతంలో మా కాలేజీ ఫైనలియర్ విద్యార్థులు పదిమందిని వెంటబెట్టుకుని దగ్గర్లోని సబ్ జైలుకి వెళ్ళాను. అక్కడ ఒక తాపీపనివాడు కనిపించాడు. దొంగతనం కేసు. మెజిస్ట్రేటు బెయిలిచ్చి అప్పటికి ఇరవై రోజులు దాటింది. అయినా లోపలే ఉన్నాడు. ఇద్దరు జామీనుదార్లు కావాలి, ఇద్దరికీ ఆస్తి కాగితాలు ఉండాలి. అతనిది వలస వచ్చిన కుటుంబం. ఈ ఊళ్ళో అతనికి ఎరిగినవాళ్ళే లేరు, ఆస్తి కాగితాలున్నవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? బయటికి వచ్చాక మా విద్యార్థిని ఒకమ్మాయి నన్ను అడిగింది: “సార్, బెయిలబుల్, నాన్‌బెయిలబుల్ అని రెండు రకాలు చదువుకున్నాం కదా. బెయిలొచ్చినా బయటికి రాలేనివాడు ఇందులో దేని కిందికి వస్తాడు?”

నా దగ్గర జవాబు లేదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అప్పటికి చాలాసార్లు చెప్పి ఉన్నాను. సెక్షన్లు వరసగా వచ్చు. ఆ ప్రశ్న మాత్రం నాకు ఎప్పుడూ ఎదురుపడలేదు. ఎందుకంటే నేను కోడ్‌ని జైలు గోడ ఇవతల నిలబడి చెబుతూ వచ్చాను. మాధవ మీనన్ గారు జీవితమంతా పోరాడింది నాలాంటి మాస్టార్లు చెప్పే అలాంటి పాఠం మీదనే. అందుకే ఆ అమ్మాయి ప్రశ్నతో మొదలుపెట్టాను.

*సెక్రటేరియట్ నుంచి తరగతి గదికి*

నీలకంఠ రామకృష్ణ మాధవ మీనన్ 1935 మే 4న తిరువనంతపురంలో పుట్టారు. డిగ్రీలో చదివింది జంతుశాస్త్రం. తరువాత లా. ఇరవై ఒకటో ఏట, 1956లో కేరళలో న్యాయవాదిగా నమోదయ్యారు. కొంతకాలానికి దిల్లీ వెళ్ళి కేంద్ర సెక్రటేరియట్‌లో ఉద్యోగంలో చేరారు. ఆ రోజుల్లో ఒక మధ్యతరగతి కుర్రవాడికి దిల్లీలో సర్కారు కొలువు దొరికిందంటే ఇంట్లోవాళ్ళు ఇక నిశ్చింతగా ఉండవచ్చనుకునేవారు. ఆయన మాత్రం అక్కడ ఆగలేదు. చదువు వైపు తిరిగారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో ఎల్.ఎల్.ఎం., పీహెచ్.డి. చేశారు, అక్కడే పాఠాలు చెప్పడం ప్రారంభించారు. 1960ల నడుమ దిల్లీ విశ్వవిద్యాలయానికి వచ్చి, క్రమంగా అక్కడి క్యాంపస్ లా సెంటర్‌కు అధిపతి అయ్యారు. కొంతకాలం పుదుచ్చేరి ప్రభుత్వ లా కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు.

సర్కారు కొలువు వదిలి మాస్టారి కొలువులో చేరిన మనిషి ఆయన. ఆ తరువాత ప్రభుత్వాలు ఆయన్ని ఎన్నో పదవుల్లోకి, కమిటీల్లోకి పిలిచాయి. ఏ కుర్చీలో కూర్చున్నా ఆయన చేసింది మాస్టారి పనే. ఆయన జ్ఞాపకాల పుస్తకం ‘టర్నింగ్ పాయింట్’ పేరు కింద కూడా ఒక లా టీచర్ కథ అనే ఉంటుంది. వైస్‌చాన్సలర్ కథ అనలేదు, కమిషన్ సభ్యుడి కథ అనలేదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. ఆయన అధ్యాపకత్వం, ప్రజాసేవ, రచన మూడు వేర్వేరు అధ్యాయాలు కావు. న్యాయం కావలసినవాడి దాకా చట్టం తెలిసినవాణ్ణి నడిపించి తీసుకువెళ్ళడమే ఆ మూడింటి పని.

*మా రోజుల లా చదువు*

ఆయన చేసిన పని ఎంతటిదో తెలియాలంటే అంతకు ముందు లా చదువు ఎలా ఉండేదో ఈ విద్యార్థులకు చెప్పాలి. నేను 1970లలో లా చదివాను. సాయంత్రం ఆరు దాటాక క్లాసులు. పగలంతా ఆఫీసుల్లో పనిచేసి అలసిపోయి వచ్చిన గుమాస్తాలు, టీచర్లు, ప్రమోషన్ కోసం డిగ్రీ కావలసినవాళ్ళు మా బ్యాచీలో ఎక్కువ. కోర్టులో వాయిదాలు ముగించుకుని వచ్చిన ఒక ప్లీడరుగారు వచ్చి కాంట్రాక్ట్ యాక్టు చదివి వినిపించేవారు. హాజరు పట్టీలో సంతకం ఉంటే చాలు. పరీక్షకు నెల రోజుల ముందు పాత ప్రశ్నలకు జవాబులు అచ్చేసిన గైడు కొనుక్కునేవాళ్ళం. మూడేళ్ళు అలా గడిచాయి. గౌను తొడుక్కుని కోర్టు మెట్లెక్కిన రోజు వరకు నేను ఒక్క కక్షిదారుతో మాట్లాడలేదు, ఒక్క వకాలతు నింపలేదు.

ఊళ్ళల్లో పెద్దలు కూడా ఈ చదువుని పెద్దగా లెక్కచేసేవారు కాదు. ఎందులోనూ సీటు రాకపోతే ‘లా’ ఉంది కదా అనేవారు. మెడిసిన్ చదివే కుర్రవాడు వార్డులో రోగిని చూడకుండా డాక్టరు కాలేడని అందరికీ తెలుసు. కక్షిదారు ముఖం చూడకుండా వకీలు కావచ్చునని మాత్రం ఈ దేశం ఎన్నో ఏళ్ళు నిశ్చింతగా నమ్మింది. ఆ నమ్మకానికి మూల్యం చెల్లించింది ఆ కక్షిదారు. గెలిచినవాడు ఇంటికి వెళ్ళి ఏడిస్తే, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని మనవాళ్ళు సామెత చెప్పుకున్నారు. ఆ సామెత వెనక కోర్టు ఖర్చులున్నాయి, ఏళ్ళ తరబడి సాగిన వాయిదాలున్నాయి. పని సరిగ్గా నేర్వని ప్లీడరు చేతిలో పడ్డ కేసులు కూడా ఉన్నాయి.

దిల్లీలో మాధవ మీనన్, ఆయన సహాధ్యాపకులు ఈ పరిస్థితిని మార్చడానికి పూనుకున్నారు. అప్పటికే అక్కడి లా ఫ్యాకల్టీలో తీర్పులను ముందుపెట్టి ప్రశ్నలతో చర్చించే పద్ధతి, అంటే కేస్ మెథడ్, ప్రవేశించింది. ఆయన దానికి ఇంకో అడుగు జోడించారు. విద్యార్థులు, అధ్యాపకులు కలిసి పేదలకు న్యాయసలహా ఇచ్చే లీగల్ సర్వీసెస్ క్లినిక్‌ను నడిపారు. తీర్పులో కనిపించేది, కేసు ముగిసిపోయాక మిగిలిన కథ. క్లినిక్‌కు వచ్చే మనిషి కథ ఇంకా ముగియలేదు. అతనికి ఏం జరిగిందో అతని నోటితోనే వినాలి, అందులో చట్టానికి పనికివచ్చేదేదో ఏరాలి, కాగితం మీద పెట్టాలి, ఆ కాగితం తప్పయితే నష్టపోయేది అతనే. చట్టం నేర్చుకోవడానికి ఇంతకు మించిన గది లేదని ఆయన నమ్మకం.

కాలం కూడా ఆ నమ్మకానికి తోడయింది. 1973లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ నాయకత్వంలోని కమిటీ న్యాయసహాయం మీద నివేదిక ఇచ్చింది. 1976లో 42వ సవరణ రాజ్యాంగంలోకి 39ఎ అధికరణాన్ని తెచ్చింది. పేదవాడికి ఉచిత న్యాయసహాయం అందించడం రాజ్యం బాధ్యత అని అందులో రాశారు. 1978లో మోతీరాం కేసు వచ్చింది. అందులో కూడా పిటిషనరు ఒక తాపీపనివాడే. మెజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను అడిగారు, సోదరుడు జామీను ఉంటానంటే అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. సుప్రీంకోర్టులో కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టారు. మా సబ్ జైలు తాపీపనివాడికి రెండు దశాబ్దాల ముందే దేశపు అత్యున్నత న్యాయస్థానం జవాబు చెప్పింది. ఆ జవాబు మా ఊరి సబ్ జైలు దాకా రాలేదు. తీర్పు తనంతట తాను నడిచి రాదు. దాన్ని మోసుకుపోయేవాళ్ళు కావాలి. అలాంటివాళ్ళను తయారుచేయడం లా కాలేజీ పని అని మాధవ మీనన్ చెప్పారు.

*బెంగళూరు*

1980ల తొలినాళ్ళలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అయిదేళ్ళ లా కోర్సు ఆలోచనను ముందుకు తెచ్చింది. దానికి ఒక నమూనా విద్యాసంస్థ కావాలి. బార్ కౌన్సిల్ ట్రస్టు బాధ్యతలు చూస్తున్న మాధవ మీనన్‌కే ఆ పని అప్పగించారు. 1986లో కర్ణాటక శాసనసభ చేసిన చట్టంతో నేషనల్ లా స్కూల్ ఆఫ్ ఇండియా యూనివర్సిటీ ఏర్పడింది. 1988లో తొలి తరగతులు మొదలయ్యాయి. సొంత భవనం లేదు. బెంగళూరు సెంట్రల్ కాలేజీ ఆవరణలో సర్దుకుని నడిపారు. నాగరభావిలో క్యాంపస్ తరువాత వచ్చింది.

ఆయన అక్కడ చేసినవి నేడు ఈ కుర్రవాళ్ళకు మామూలుగా కనిపిస్తాయి. ఇంటర్మీడియెట్ తరువాత పరీక్ష పెట్టి ఎంపిక చేయడం, అయిదేళ్ళపాటు చరిత్ర, ఆర్థికశాస్త్రం, సామాజికశాస్త్రం, రాజనీతిశాస్త్రం లాతో కలిపి చెప్పడం, ఏడాదిని మూడు భాగాలుగా విడగొట్టి ఎడతెగకుండా పరీక్షించడం, ప్రతి సబ్జెక్టులోనూ ఒక పరిశోధన ప్రాజెక్టు రాయించి దాన్ని అందరి ఎదుటా సమర్థించుకోమనడం, మూట్ కోర్టులు, న్యాయసహాయ శిబిరాలు. భారత ప్రధాన న్యాయమూర్తిని చాన్సలర్‌గా ఉంచడం కూడా ఆలోచించి చేసిన ఏర్పాటే. న్యాయవిద్య నాణ్యతకు న్యాయవ్యవస్థే పూచీ పడాలన్నది దాని భావం.

వీటన్నిటికంటె నాకు గొప్పగా కనిపించేది వేరే ఉంది. ఆయన లా మాస్టారి గౌరవాన్ని నిలబెట్టారు. అంతవరకు మన దగ్గర లా చెప్పడం ప్లీడరీ సరిగా సాగనివాడి పక్కపని. పూర్తికాలం పాఠం చెప్పి, పరిశోధన చేసి, విద్యార్థితో పగలూ రాత్రీ క్యాంపస్‌లో బతికే అధ్యాపకుడు ఒకడు ఉండాలని, అతనిది న్యాయమూర్తి పనికి తక్కువ కాదని ఆయన చేసి చూపించారు. పన్నెండేళ్ళు బెంగళూరులో ఉండి, 1998లో కోల్‌కతా వెళ్ళి అక్కడి నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ జురిడికల్ సైన్సెస్‌ను మొదటి వైస్‌చాన్సలర్‌గా నిలబెట్టారు. ఒక సంస్థను కట్టి పేరు తెచ్చుకున్నాక అరవై దాటిన వయసులో మళ్ళీ పునాది దగ్గర మొదలుపెట్టడానికి ఎంతమంది సిద్ధపడతారు?

తెలుగునేల మీదికి ఆ గాలి అదే ఏడాది వచ్చింది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ నల్సార్ లా విశ్వవిద్యాలయం కోసం చట్టం చేసింది. బెంగళూరు లా స్కూల్‌లో మాధవ మీనన్‌తో కలిసి పనిచేసిన ప్రొఫెసర్ రణబీర్ సింగ్ దానికి మొదటి వైస్‌చాన్సలర్‌గా వచ్చారు. బర్కత్‌పురాలో మొదలై శామీర్‌పేటకు మారిన ఆ విశ్వవిద్యాలయం ఈ రోజు దేశంలో మొదటి వరసలో ఉంది. దశాబ్దం తరువాత విశాఖపట్నంలో ఇంకొకటి వచ్చింది. దానికి దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టుకున్నాం. కర్నూలు జిల్లాలోని ఒక నిరుపేద దళిత కుటుంబంలో పుట్టి, మద్రాసులో లా చదివి, ముఖ్యమంత్రి అయిన మనిషి ఆయన. ఆ పేరు ఆ గేటు మీద ఉన్నంతకాలం లోపలికి ఎవరు రాగలుగుతున్నారు అనే ప్రశ్న కూడా ఆ గేటు దగ్గర నిలబడే ఉంటుంది. ఆ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను.

*న్యాయమూర్తులకు బడి, ప్రభుత్వానికి పాఠం*

2003 నుంచి 2006 వరకు మాధవ మీనన్ భోపాల్‌లోని జాతీయ జ్యుడీషియల్ అకాడమీకి డైరెక్టరుగా ఉన్నారు. జడ్జీలకు శిక్షణ ఏమిటి, కుర్చీ ఎక్కాక నేర్చుకోవలసింది ఏముంటుంది అని అనుకునే రోజులవి. మెజిస్ట్రేటు జామీను షరతు రాసేటప్పుడు ఎదురుగా ఉన్న మనిషికి అది ఏమవుతుందో ఆలోచించాలంటే, ఆలోచించే అలవాటు ఎక్కడో నేర్పాలి. లా విద్యార్థికి నేర్పినంత శ్రద్ధగా న్యాయమూర్తికి కూడా నేర్పాలని ఆయన భావించారు.

ఇక కమిటీలు, కమిషన్లు. అన్నీ చెప్పను. అయిదే చెబుతాను.

మొదటిది జస్టిస్ మళీమఠ్ కమిటీ. నేర న్యాయవ్యవస్థ సంస్కరణల మీద 2003లో నివేదిక ఇచ్చిన ఈ కమిటీలో మాధవ మీనన్ సభ్యులు. బాధితుడి హక్కులకు, సాక్షుల రక్షణకు అది ఇచ్చిన ప్రాధాన్యం మెచ్చుకోదగినది. అయితే ‘సందేహానికి తావు లేకుండా’ రుజువు కావాలనే ప్రమాణాన్ని సడలించాలన్న సిఫారసుతోను, పైస్థాయి పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలును సాక్ష్యంగా తీసుకోవచ్చన్న సిఫారసుతోను నేను ఏకీభవించలేదు, ఇప్పటికీ ఏకీభవించను. సబ్ జైలులో నేను చూసిన మనుషులు ఆ సిఫారసులకు నన్ను ఒప్పుకోనివ్వరు. స్మారకసభలో విభేదం చెప్పడం మర్యాద కాదనుకునేవాళ్ళు ఉండవచ్చు. ఒప్పుకోని చోట ఒప్పుకోనని కారణంతో చెప్పడం తరగతిలో అలవాటు చేసిన మాస్టారి సభ ఇది. ఇక్కడ దాచిపెట్టడమే అమర్యాద.

రెండోది, తరువాత కొన్నేళ్ళకు ఆయనే అధ్యక్షత వహించిన కమిటీ. నేర న్యాయంపై జాతీయ విధాన ముసాయిదాను 2007లో సమర్పించింది. నేరాలన్నిటినీ ఒకే మూసలో పెట్టి ప్రతిదానికీ అరెస్టు, జైలు అనడం సరికాదని, సాంఘిక సంక్షేమానికి సంబంధించిన చిన్న నేరాలను, దిద్దుబాటుకు వీలున్నవాటిని, ఆర్థిక నేరాలను, ఘోరమైన నేరాలను వేరువేరు స్మృతులుగా విడదీయాలని ఆ ముసాయిదా సూచించింది. చిన్న తప్పుకు అరెస్టు అక్కర్లేదు, నష్టం సరిదిద్దించడమో సమాజానికి సేవ చేయించడమో మేలు అన్నది అందులోని ఆలోచన. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కొన్ని చిన్న నేరాలకు సమాజసేవ శిక్షగా చేరింది. ఆలోచన పుట్టిన చోటు నుంచి చట్టం దాకా ఎంత దూరమో చూడండి.

మూడోది సమాన అవకాశాల కమిషన్ కోసం వేసిన నిపుణుల బృందం. ముస్లింల స్థితిగతులపై సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక తరువాత దీనికి ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు. చదువులో, కొలువులో మనిషికి వివక్ష ఎదురైతే అది ఏ రూపంలో వచ్చినా పరిశీలించే ఒక వ్యవస్థ ఉండాలని 2008లో బిల్లు ముసాయిదాతో సహా ఇచ్చారు. అది చట్టం కాలేదు. ఆ కాగితాలు ఇప్పటికీ మన ప్రజాస్వామ్యం చేయవలసిన పనుల జాబితాలోనే ఉన్నాయి.

నాలుగోది మీకందరికీ పరిచయమైనదే. పొద్దున్నే పేపరు తెరిస్తే ప్రభుత్వ ప్రకటనల్లో నాయకుల నిలువెత్తు ఫొటోలు చూస్తుంటాం. ఆ ఖర్చు మనదే. దీనిపై కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో మాధవ మీనన్ అధ్యక్షతన ముగ్గురితో కమిటీ వేసింది. ఆ కమిటీ మార్గదర్శకాలను ఆధారం చేసుకుని 2015 మే 13న కోర్టు తీర్పు ఇచ్చింది. ప్రజాధనంతో వేసే ప్రకటన ప్రజలకు సమాచారం ఇవ్వాలి, పాలకుడి ప్రతిష్ఠ పెంచడానికి కాదు అన్నది దాని సారం. ఫొటోల మీద ఆ తీర్పు పెట్టిన హద్దును మరుసటి ఏడాది కోర్టు ముఖ్యమంత్రుల వరకు, మంత్రుల వరకు సడలించింది. ఎనభై ఏళ్ళకు చేరువైన వయసులో కూడా ఆయన ప్రభుత్వానికి చెప్పింది ఒక చిన్న పాఠమే. ఇది నీ సొమ్ము కాదు.

అయిదోది కేంద్ర–రాష్ట్ర సంబంధాలపై జస్టిస్ పూంఛీ కమిషన్. అందులోనూ ఆయన సభ్యులుగా పనిచేశారు. శాసనసభ పంపిన బిల్లుపై గవర్నరు ఆరు నెలల్లో నిర్ణయం చెప్పాలని 2010లోనే ఆ కమిషన్ సూచించింది. ఈ మధ్య ఈ విషయం మీద దేశమంతా జరిగిన చర్చ విన్నవాళ్ళకు ఆ సూచన విలువ వేరే చెప్పనక్కర్లేదు.

*పుస్తకం*

రచయితగా మాధవ మీనన్ పండితుల మెప్పు కోసం రాసినవారు కారు. చట్టబద్ధ పాలన మీద, నేర న్యాయం మీద, న్యాయవిద్య మీద రాశారు, ఇతరుల చేత రాయించి సంపాదకత్వం వహించారు. నా జీవితంలోకి వచ్చినది 1998లో వెలువడిన ‘ఎ హ్యాండ్‌బుక్ ఆన్ క్లినికల్ లీగల్ ఎడ్యుకేషన్’. అప్పుడే బార్ కౌన్సిల్ నాలుగు ప్రాక్టికల్ పేపర్లను తప్పనిసరి చేసింది. మా కాలేజీలో వాటిని ఎలా చెప్పాలో ఎవరికీ తెలియదు. రికార్డు నోట్సు రాయించి మార్కులు వేసేద్దామని అనుకుంటున్న సమయం. ఒక స్నేహితుడు ఆ పుస్తకం తెచ్చి ఇచ్చాడు.

అందులో కక్షిదారుతో మాట్లాడటం ఎలాగో ఉంది. ఏది ముందు అడగాలి, ఎప్పుడు ఊరుకుని వినాలి, రహస్యం ఎందుకు కాపాడాలి, తోచిన సలహా వెంటనే ఎందుకు ఇచ్చేయకూడదు, రాజీ ఎప్పుడు మేలు అనే సంగతులున్నాయి. లా కాలేజీలో చేరి పాతికేళ్ళయినా నాకు ఎవరూ చెప్పని పాఠాలు అవి. ఆ పుస్తకం చదివాకనే విద్యార్థుల్ని సబ్ జైలుకి తీసుకువెళ్ళాను. తాపీపనివాణ్ణి చూశాను. ఆ అమ్మాయి ప్రశ్న విన్నాను.

ఆ ప్రశ్నకు ఏమైందో చెప్పలేదు కదూ. ఆ రాత్రి విద్యార్థులు కోడ్ ముందేసుకుని కూర్చున్నారు. మరునాడు సెక్షన్ 440 పట్టుకొచ్చారు. బాండు మొత్తం కేసు పరిస్థితులకు మించి ఉండకూడదని, దాన్ని తగ్గించే అధికారం సెషన్స్ కోర్టుకు ఉందని. మోతీరాం తీర్పు కూడా వాళ్ళే వెతికారు. విద్యార్థులు కోర్టులో హాజరు కావడానికి మన చట్టం ఒప్పుకోదు. అందుకని పిటిషన్ వాళ్ళు రాశారు, నేను దిద్దాను, న్యాయసహాయ ప్యానెల్‌లోని ఒక జూనియర్ వకీలు దాఖలు చేశారు. నాలుగుసార్లు తిరగరాశారు. మొదటి ప్రతిలో లాటిన్ మాటలు ఎక్కువ, ఆ మనిషి తక్కువ. నాలుగో ప్రతిలో అతని కూలి ఎంతో ఉంది, ఇంటి దగ్గర ఎవరున్నారో ఉంది, ఈ ఊళ్ళో అతనికి ఆస్తిపరులెవరూ ఎందుకు తెలియదో ఉంది. మొత్తం తగ్గింది, షరతు సడలింది. పది రోజులకు అతను బయటికి వచ్చాడు. కాలేజీకి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి రాబోతుంటే ఆ అమ్మాయి గబగబా వెళ్ళి, “అన్నా, చెప్పులు వేసుకునే రండి, ఇది గుడి కాదు” అంది.

ఆ సంవత్సరం నేను చెప్పిన పాఠాల్లో విద్యార్థులకు ఏవి గుర్తున్నాయో తెలియదు. ఆ పిటిషన్ మాత్రం వాళ్ళకు జీవితాంతం గుర్తుంటుంది.

*మిగిలిన బాకీ*

ఇప్పుడు గేటు దగ్గర నిలబెట్టిన ప్రశ్నకు వస్తాను. మాధవ మీనన్ నాటిన మొక్క ఎదిగింది. దేశంలో జాతీయ లా విశ్వవిద్యాలయాలు ఇరవై అయిదుకు పైగా ఉన్నాయి. 2008 నుంచి ఉమ్మడి ప్రవేశపరీక్ష క్లాట్ జరుగుతోంది. లా కోసం ఇంటర్ నుంచే కోచింగ్ తీసుకునే పిల్లలున్నారు. ఎందులోనూ సీటు రాకపోతే లా అన్న మాట పోయింది.

అయితే బాకీలు మిగిలాయి. మొదటిది ఇది. బెంగళూరు తొలి బ్యాచి పట్టా పుచ్చుకుని బయటికి వచ్చేనాటికి దేశం ఆర్థిక సరళీకరణలోకి అడుగుపెట్టింది. పెద్ద కంపెనీలు, పెద్ద లా సంస్థలు అప్పుడే తెలివైన కుర్రవాళ్ళ కోసం వెతుకుతున్నాయి. పేదవాడి కోర్టు కోసం తీర్చిదిద్దిన పిల్లల్లో చాలామంది ఆ వైపు వెళ్ళారు. వాళ్ళను తప్పుపట్టను. చదువుకైన అప్పు తీర్చుకోవాలి, ఇల్లు నడుపుకోవాలి. జిల్లా కోర్టులో జూనియరుకు తొలి రోజుల్లో బస్సు చార్జీలు కూడా మిగలవని నాకు తెలుసు. తన విద్యార్థులు ఊళ్ళ కోర్టులకు తగినంతమంది రాలేదన్న బాధ మాధవ మీనన్‌కు ఉండేది. దాన్ని ఆయన దాచుకోలేదు. రిటైరయ్యాక తిరువనంతపురంలో యువ న్యాయవాదులకు శిక్షణ ఇచ్చే సంస్థను నడపడం ఆ బాధలోంచి వచ్చిన పనేనని నా అభిప్రాయం.

రెండో బాకీ ఆ గేటు దగ్గరి అడ్డుగోడ. క్లాట్ ఇంగ్లీషులోనే ఉంటుంది. ఏడాది ఫీజు లక్షల్లో ఉంటుంది. తెలుగు మీడియంలో చదివిన శ్రీకాకుళం కుర్రవాడికి, ఆదిలాబాద్ అమ్మాయికి ఆ గేటు ఎంత దూరం? ఈ గోడను చూసి ఊరుకోలేనివాడు మాధవ మీనన్ లా స్కూల్‌లోనే చదివిన షంనాద్ బషీర్. కోల్‌కతాలో ప్రొఫెసరుగా ఉంటూ 2010లో ఐడియా అనే కార్యక్రమం మొదలుపెట్టారు. పేద పిల్లలను, దివ్యాంగులను, మారుమూల ఊళ్ళవాళ్ళను వెతికి క్లాట్‌కు తయారుచేసి, చేరాక కూడా తోడు నిలిచే పని అది. గురువు 2019 మే 8న తిరువనంతపురంలో కన్నుమూశారు. అదే ఏడాది ఆగస్టులో శిష్యుడు కూడా, ఇంకా యాభై నిండకుండానే వెళ్ళిపోయారు. 2020లో మాధవ మీనన్ గారికి మరణానంతరం పద్మభూషణ్ ప్రకటించారు. శిష్యుడు మొదలుపెట్టిన పని కొనసాగడం అంతకంటె పెద్ద గౌరవమని నేను అనుకుంటాను.

మూడో బాకీ మనది, తెలుగువాళ్ళది. మన కింది కోర్టులో సాక్షి తెలుగులో చెబుతాడు, ముద్దాయి తెలుగులో వింటాడు, కక్షిదారు తెలుగులో ఏడుస్తాడు. అతనితో ఎలా మాట్లాడాలో నేర్పే పుస్తకం ప్రతి లా విద్యార్థి చేతిలో తెలుగులో ఉండాలి. మాధవ మీనన్ హ్యాండ్‌బుక్‌ను వెంటబెట్టుకుని చెప్పిన మాస్టార్లం, మా అనుభవాలన్నీ కలిపి అలాంటి పుస్తకం తెలుగులో రాయవలసింది. నేను రాయలేదు. ఆ పని చేయకుండానే రిటైరయ్యాను. ఆ బరువు ఈ సభలో దించుకోవడానికి కాదు, మీ భుజాలకు ఎత్తడానికి చెబుతున్నాను.

నాలుగోది, ఆ అమ్మాయి ప్రశ్న. దేశంలోని ఖైదీల్లో దాదాపు నలుగురికి ముగ్గురు విచారణ ఖైదీలే. బెయిలొచ్చినా బయటికి రాలేనివాళ్ళ గురించి 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. బెయిలొచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలి, ఆ సంస్థ అతని కోసం కదలాలి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్షకో యావజ్జీవానికో తగిన నేరం కాకపోతే, గతంలో ఏ నేరమూ రుజువు కానివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే విడుదలకు అర్హుడవుతాడు. కాగితం మీద జవాబు వచ్చింది. మోతీరాం తీర్పు కూడా ఒకనాడు అలాగే కాగితం మీదకు వచ్చింది.

విద్యార్థులారా, మీ కాలేజీకి ఎంత దూరంలో సబ్ జైలు ఉందో మీకు తెలుసా? నా మనవి ఇంతే. వచ్చే ఏడాది ఈ ఉపన్యాసానికి వక్తను పిలిచేముందు ఈ కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్ తరఫున అక్కడికి నెలకొకసారి వెళ్ళండి. బెయిలొచ్చి ఏడు రోజులు దాటినవాళ్ళ జాబితా జైలు అధికారిని అడిగి తెచ్చుకోండి. న్యాయసేవాధికార సంస్థకు ఇవ్వండి, ప్రతి పేరు పక్కన ఏమైందో రాసుకోండి. ఆ మనిషి ఏం చెప్పాడో తెలుగులోనే రాయండి. పన్నెండు నెలల ఆ రిజిస్టరును వచ్చే ఏడాది ఈ వేదిక మీద, ఈ దీపం పక్కన పెట్టండి. వక్త మాట్లాడే ముందు అందులోంచి ఒక పేజీ మీలో ఎవరైనా చదవండి.

మాస్టారి పేరు మీద జరిగే సభలో ముందు వినిపించవలసినది ఆ పేజీయే.